గాలంతా ఒక పక్కకి చేరితే

ఆరిన బట్టలు మడత పెడుతుంటే మా అమ్మాయి లెక్క పైకి చదివింది. "ఈ గదిలో గాలంతా తనంతట తానే ఎడమ సగంలోకి చేరిపోయే అవకాశం ఎంత?"

నా చేతిలో దుప్పటి ఆగిపోయింది. కుడి సగంలో మంచం మీద అత్తగారు నిద్రపోతున్నారు. గబగబా లేచి కిటికీ తెరిచాను.

"అమ్మా, అది ఉత్త లెక్కే!" పడీ పడీ నవ్వింది.

ఎనిమిదో తరగతితో చదువాపేసినదాన్ని. స్టాటిస్టికల్ ఫిజిక్సంటే అమ్మాయి నోట విన్నంతే తెలుసు. కోటానుకోట్ల అణువుల్లో ఏది ఎటు పోతుందో తెలియకపోయినా, అన్నీ కలిసి ఏం చేస్తాయో చెప్పొచ్చట. ఒక్కరి సంగతీ తెలియకుండా అందరి సంగతీ ఎలా చెబుతారో నాకు భలే విడ్డూరం.

మొదటి పరీక్షలో దానికి ఇరవైకి ఆరొచ్చాయి. ఇంకోసారి అలాగే వస్తే ఆ సబ్జెక్టు వదులుకోవలసిందే. అందుకే మేష్టారు బుధవారం సాయంత్రాలు ఎనిమిది దాకా, ఒక్కొక్కరినీ బోర్డు దగ్గరికి పిలిచి లెక్కలు చేయిస్తున్నారు. రెండు వారాలుగా దాన్ని పంపలేదు. పంపనిది నేనే. చీకటి, బస్సు, వీధి మలుపులో కుక్కలు. దేన్ని తలుచుకున్నా నాకు ముందు కనబడేది ఆస్పత్రి మంచమే. "ఏదైనా అయితే నీదే బాధ్యత" అన్నారు మావారు. "ఆడపిల్లకి పొద్దుగూకాక లెక్కలేమిటి?" అన్నారు అత్తగారు. "వదినా, నువ్వు చెబితేనే వింటుంది" అన్నాడు మరిది ఫోన్లో. వద్దనుకున్నది ముగ్గురూ. వద్దన్న నోరు మాత్రం నాది.

అమ్మాయి రెండు చేతిరుమాళ్లు నా ముందు పరిచింది. "రెండు అణువులనుకో. కుడి, ఎడమల్లో నాలుగు రకాలుగా ఉండొచ్చు. రెండూ ఎడమనే ఉండేది ఒక్క రకమే."

"పదైతే?"

"వెయ్యిన్నీ ఇరవై నాలుగింట్లో ఒకటి."

"అయితే జరుగుతుందన్నమాట!"

"గదిలో ఉన్నవి పదా అమ్మా? ఒకటి పక్కన ఇరవై ఏడు సున్నాలు! లోకం పుట్టినప్పటి నుంచీ కాపలా కూర్చున్నా జరగదు."

నాతో ఎవరూ ఇలా మాట్లాడలేదు. పిరికిదానివన్నారు, చాదస్తమన్నారు. దేనికి ఎంత భయపడాలో చెప్పినవాళ్లు లేరు. నాకు ఇంకా అడగాలనిపించింది.

"మరి అవి మాట్లాడుకుంటే?"

"ఏవి?"

"ఆ అణువులే. పద, ఎడమకి పోదామని ఒకదాన్నొకటి లాక్కుపోతే?"

అది పెన్ను ఆపేసింది. "దేని దారి దానిదే అనుకుంటేనే ఈ లెక్క. ఆ మాట ముందు రాయాలి. రాయకుండా గుణించుకుంటూ పోయా. పరీక్షలో మార్కులు పోయిందీ ఇక్కడే!" మొహం వెలిగిపోయింది. అంతలోనే గొంతు తగ్గించి, "బోర్డు దగ్గర నిలబెట్టి అడుగుతారు చూడు, ఇలాగే" అంది. నా వైపు చూడలేదు.

దుప్పటి మడిచాను. మా ఇంట్లో మూడు వద్దులు ఉన్నాయనుకున్నాను. కావు, కూడబలుక్కున్న ఒకే వద్దు. పోనీ వాళ్లేమైనా భయపడుతున్నారా అంటే, అత్తగారు గురక పెడుతున్నారు. ఈ బట్టల్లాగే, ఆ అంట్లలాగే, భయపడే పని కూడా నా నెత్తిన పెట్టి అందరూ నిశ్చింతగా ఉన్నారు.

"ఇవాళ బుధవారమేగా? లే, తల దువ్వుకో" అన్నాను.

అది బస్సెక్కిన కాసేపటికి మావారు పని నుంచి వచ్చారు.

"అదేదీ?"

"క్లాసుకెళ్లిందండీ."

"పంపించావా? నీకు భయం లేదూ?"

"ఎందుకు లేదూ, బోలెడుంది." నీళ్ల గ్లాసు ఆయన చేతికిచ్చాను. "ఎనిమిదిన్నరకి మీరు బస్టాపు దగ్గర ఉండండి. ఇవాళ్టి నుంచి బుధవారం భయం మీ వంతు."