చిటికెన వేలు

ఫోను అద్దం మీద చేపల పులుసు నూనె అంటింది. బొటనవేలి ముద్ర గీతలతో సహా తేటగా పడింది. ముద్ర కొడుకుది, ఫోను తల్లిది. నాగరత్నమ్మ పైటచెంగుతో ఎంత తుడిచినా అది చెదిరి పెద్దదవుతోందే తప్ప పోవడం లేదు. ఆమెకు రోత పుట్టింది.

ఇంతకు ముందే ఆమె, అన్నం తింటున్న కొడుకు దగ్గరికి ఫోను పట్టుకుపోయి, "నాయనా, ఒకసారి తెరిచియ్యి" అని అడిగింది. రూపేష్ చెయ్యి కూడా కడుక్కోలేదు. ఎడమ చేత్తో ఫోను పట్టుకుని, పులుసు చేతి బొటనవేలు ఒకసారి నాకి, అద్దం మీద అద్దాడు. తనే పైకీ కిందికీ జరిపి చూసుకుని, "ఏమీ రాలేదు మా" అని మళ్ళీ మూసేసి ఆమె చేతిలో పెట్టాడు. తన ఫోనులో ఏమి వచ్చిందో ఆమె కళ్ళతో చూసే భాగ్యం కూడా దక్కలేదు.

నగరిలో వాళ్ళది మరమగ్గాల ఇల్లు. ముందు షెడ్డులో మగ్గాలు, వెనక వంటిల్లు, రెంటికీ మధ్య వసారాలో నాగరత్నమ్మ మగ్గాలకు దారం కండెలు చుట్టే మిషను. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఆమె చోటు అదే. మొన్నటిదాకా ఆ మిషను పక్కన ఒక పాత ఫోను పడి ఉండేది. మూల పగిలింది, వెనక రేకుకు రబ్బరు బ్యాండు వేసింది. దానికి తాళమూ లేదు, గీళమూ లేదు. దాన్ని ముట్టుకోవాలని ఎవరికీ బుద్ధి పుట్టేది కాదు కాబట్టి తాళం అవసరం రాలేదు. అందులో తామర పువ్వు బొమ్మ నొక్కితే చెల్లెలు పంకజాక్షి మాట వినపడేది. నాగరత్నమ్మ చదువు సంతకం దగ్గరే ఆగిపోయింది. రాయడం లేదు, చదవడం లేదు. ఆమె నాలుగు మాటలు చెప్పి పంపేది, చెల్లెలు నలభై మాటలు చెప్పి పంపేది. మగ్గాల రొదలో ఫోను చెవికి ఆనించుకుని నవ్వుకుంటూ కూర్చునేది.

పంకజాక్షి పేరు ఆ ఇంట్లో పలకకూడదు. పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టే పెంచలయ్యను ఇష్టపడి చేసుకుందని, పరువు పోయిందని, నాగరత్నమ్మ మొగుడు మునిరత్నం ఆమెను గడప తొక్కనివ్వలేదు. ఆదివారం వచ్చిందంటే మాత్రం ఆ మహానుభావుడికి చేపల పులుసు ఉండి తీరాలి. చేప కావాలి, చేప పట్టినవాడు పనికిరాడు. ఆ నోటికి సిగ్గన్నది ఉంటే గదా!

ఇక కొడుకు సంగతి. రూపేష్ తిరుపతిలో సెల్‌ఫోన్ల అంగట్లో పని నేర్చుకుని, నగరి బజారులో సొంతంగా ఒక చిన్న అంగడి పెట్టుకున్నాడు. అమ్మకాలకన్నా వీడియోలే ఎక్కువ. కొత్త ఫోను ఎలా వాడాలో లోకానికంతా పాఠాలు చెబుతాడు. నెల క్రితం ఒక ఫోను తెచ్చి, "నీకే మా" అంటే, పాపం పిచ్చితల్లి పొంగిపోయింది. ఆ ఫోను పేరు మీద ఒక వీడియో కావాలి వాడికి. తల్లిని మిషను ముందు కూర్చోబెట్టాడు. పెళ్ళాం ఐశ్వర్య చేతికి కెమెరా ఇచ్చాడు.

"ఫ్రెండ్స్, పాత ఫోన్ నుంచి కొత్త ఫోన్‌కి మారినారా? ముందు చెయ్యాల్సింది లాక్. మీ వేలిముద్ర మీరే పెట్టుకోండి. ఇంకొకరి వేలు దాంట్లో ఉంటే అది మీ ఫోన్ కాదు, వాళ్ళ ఫోన్. అట్ల ఎవరి వేలైనా ఉంటే సెట్టింగ్స్‌లోకి పొయ్యి తీసెయ్యండి. మొగుడైనా సరే, పెళ్ళామైనా సరే!"

తర్వాత తల్లి వేలు పట్టుకుని అద్దం మీద పెట్టాడు. ఫోను జర్రుమని వణికి, కాదంది. చూపుడు వేలు పెట్టాడు. కాదంది. నడిమి వేలు కూడా కాదంది. ఏళ్ళ తరబడి దారం ఆ వేళ్ళ సందున పరుగెత్తి గీతలన్నీ అరగదీసింది, ఇంకెక్కడి ముద్ర? రూపేష్ ఆ వేళ్ళను కెమెరా ముందుకు లాగి, "సూడండి ఫ్రెండ్స్, మా అమ్మకి వేలిముద్రలే లేవు! దొంగతనానికి పోతే పోలీసోళ్ళకి కూడా దొరకదు!" అని పగలబడి నవ్వాడు.

ఆ నవ్వు ఊరంతా చూసింది. పాలు పోసే ఆమె కూడా, "ఏం నాగరత్నక్కా, సినిమాలో పడినావంట" అంది. ఆ వేళ్ళు చుట్టిన కండెల మీదే వాడు తిన్నాడు, చదివాడు, అంగడి పెట్టాడు. నాగరత్నమ్మ ఆ రోజు నుంచీ నలుగురిలో చేతులు పైటచెంగు కింద పెట్టుకోవడం మొదలుపెట్టింది. తన చేతులంటే తనకే అసహ్యం కలిగేలా చేశాడు కడుపున పుట్టినవాడు.

కెమెరా ఆగాక వాడు తన బొటనవేలే పెట్టుకున్నాడు. "నీకి కావాల్సినప్పుడు నేను తెరిచిస్తాలే మా" అన్నాడు. నంబరు ఏదో ఉంటుందంట కదా అని ఆమె అడిగితే, "నువ్వు మర్చిపోతావు, నా దగ్గర ఉండాది" అన్నాడు. పాత ఫోనులోవన్నీ ఇందులోకి ఎక్కించి, పాతదాన్ని అంగడికి పట్టుకుపోయాడు. లోకానికి చెప్పిన నీతి గడప దాటి లోపలికి రాలేదు.

అప్పటినుంచి ఆమెకు అడుక్కోవడం మొదలైంది. వాడు అన్నం తినేటప్పుడు, బండి తుడిచేటప్పుడు, పళ్ళు తోముకునేటప్పుడు ఫోను పట్టుకుని ఎదురుగా నిలబడాలి. వాడు తెరిచిచ్చినా పక్కనే నిలబడి తొంగి చూస్తుంటే చెల్లెలితో ఏమని మాట్లాడుతుంది? ఒకరోజు గుట్టుగా వెతికితే తామర పువ్వు కనపడలేదు. నంబరు నోటికి రాదు. చెల్లెలి దగ్గరినుంచి ఫోనూ రావడం లేదు.

అదే ఇప్పుడు ఆమె ప్రాణం తోడేస్తోంది. ఫోను మారకముందు పంకజాక్షి చెప్పిన ఆఖరు మాట, గర్భసంచి తీసేస్తారంట అని. తిరుపతిలో, వచ్చే నెల మొదటి సోమవారం. "నువ్వు పక్కన ఉంటే చాలక్కా, నాకి భయం" అంది. "వస్తా" అని మాటిచ్చింది నాగరత్నమ్మ. తిరుచానూరు అమ్మవారికి మొక్కు ఉందని ఇంట్లో చెప్పి వెళదామని లోలోపల అనుకుంది గానీ, ఇంకా ఎవరితోనూ అనలేదు. ఆ సోమవారం రేపే. ఏ ఆసుపత్రో కూడా తెలియదు.

ఫోను తుడుస్తూ నిలబడిన ఆమెను చూసి మునిరత్నం పులుసు జుర్రుకుంటూ అన్నాడు. "ఎందుకు మే దాన్ని అట్ల రుద్దుతావుండావు? రేపు తిరపతికి పొయ్యే పని ఇంక లేదులే. పొద్దన్నే మిషన్ ముందర కూర్చో, సరుకు పంపాల."

నాగరత్నమ్మ చెయ్యి ఆగిపోయింది.

"నేను తిరపతికి పోతానని నీకెవురు సెప్పినారు?"

మునిరత్నం ముద్ద నోటిదాకా పోయి నిలిచింది. రూపేష్ పళ్ళెంలోకి వంగి ముల్లు ఏరడం మొదలుపెట్టాడు. తండ్రీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఉండటానికి పడుతున్న పాట్లు చూస్తే ఆమెకు అంతా తెలిసిపోయింది.

"ఏమి చేసినారు రా?"

"ఎవురు సెప్తే ఏమి?" మునిరత్నం గొంతు పెంచాడు. "ఆ చేపలోళ్ళతో మాటలు కలిపేదానికా నీకి కొత్త ఫోన్ తీసిచ్చింది? మనకి ఒక మర్యాద ఉండాదా లేదా?"

"ఏమీ లేదు మా," అన్నాడు రూపేష్, ముల్లు పళ్ళెం అంచున పెడుతూ. "ఎక్కించేటప్పుడు ఆ మాటలన్నీ కనపడినాయి. నాయన సెప్పినట్టు ఒక మెసేజ్ పెట్టినాను. నువ్వు రాలేవని, ఇంక ఫోన్ చెయ్యొద్దని. ఆ నంబర్ బ్లాక్ చేసినాను. మర్యాదగానే రాసినాలే."

"ఎవరి పేరుతో రాసినావు?"

"నీ ఫోన్ కదా మా. నీ పేరుతోనే పోతాది."

ఆమెకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా కంపరం పుట్టింది. కడుపు కోసుకోబోతున్న ఆడదానికి, రావద్దు పొమ్మని తోడబుట్టిన అక్క చెప్పినట్టు వీళ్ళు చెప్పారు. చెప్పి, ఇన్నాళ్ళూ తను పెట్టిన అన్నం తింటూ, తన ఎదుటే కూర్చుని త్రేన్చారు. తను చెల్లెలితో ఆడుకున్న ముచ్చట్లు, చెప్పుకున్న ఆడవాళ్ళ బాధలు, ఆ గర్భసంచి సంగతితో సహా, ఇద్దరు మగవాళ్ళూ పక్కపక్కన కూర్చుని విన్నారు. ఛీ!

నాగరత్నమ్మ వంగి పులుసు దబరా ఎత్తింది.

"ఇంకొంచెం వెయ్యి మే," అన్నాడు మునిరత్నం, ఇంకా బుద్ధి రాక.

ఆమె దబరా పెరట్లోకి పట్టుకుపోయి బండ మీద బోర్లించింది. గోడ మీద కాచుకున్న నాలుగు పిల్లులూ దూకాయి. లోపల మునిరత్నం ఏమేమో అరుస్తున్నాడు. పిల్లులు ముల్లుతో సహా నమిలి తినడం ఆమె నిలబడి చూసింది. ఇవే నయం అనిపించింది, పట్టినవాడి కులం అడగలేదు.

మునిరత్నం తిట్టి తిట్టి షెడ్డులో నడుము వాల్చాడు. రూపేష్ బండి తీసుకుని అంగడికి పోయాడు. అప్పుడు నాగరత్నమ్మ కోడలి దగ్గరికి వచ్చింది. పెళ్ళయి ఏడాది కాని పిల్ల. పెద్దగా మాట్లాడదు. పళ్ళేలు కడిగి చేతులు తుడుచుకుంటోంది.

"ఐశ్వర్యా, ఆ వీడియోలో వాడు సెప్పినాడే, వేలు తీసేసి వేలు పెట్టేది. అది నువ్వు చెయ్యగలవా?"

"నంబర్ కావాల అత్తా."

"నీకి తెలుసునా?"

"ఆయన బండి నంబరే. అన్నిట్లోనూ అదే పెడతాడు," అంది ఐశ్వర్య తల వంచుకుని.

ఇద్దరూ కండెల మిషను దగ్గర కూర్చున్నారు. నంబరు సరిపోయింది. బొటనవేలు పెట్టింది, ఫోను జర్రుమంది. చూపుడు వేలు, జర్రుమంది. ఆ చప్పుడుకు కొడుకు నవ్వే గుర్తొచ్చి, నాగరత్నమ్మ చెయ్యి పైటచెంగు కిందికి లాక్కోబోయింది. ఐశ్వర్య వదల్లేదు. ఎడమ చెయ్యి అందుకుని వెలుగులో తిప్పి చూసింది.

"కండె చుట్టేటప్పుడు ఈ చిటికెన వేలు ఏమి చేస్తాది అత్తా?"

"అదేమి చేస్తాది? సోమరిపోతుది, పక్కకి జరిగి నిలబడి ఉంటాది."

ఆ సోమరి వేలు అద్దం మీద పెట్టారు. ఫోను వణకలేదు. ఒక గీత వెలిగింది. ఎత్తి మళ్ళీ పెట్టింది, ఇంకో గీత. పెట్టీ ఎత్తీ, పెట్టీ ఎత్తీ, చివరికి అద్దం మీద గుండ్రంగా ఒక వేలిముద్ర నిండింది. నాగరత్నమ్మ దాన్ని చూస్తూ ఉండిపోయింది. తన దగ్గరా ఒకటి మిగిలే ఉంది.

"ఆయన వేలు తీసెయ్యమంటావా?"

"వాడే కదా తీసెయ్యమని ఊరందరికీ సెప్పినాడు. తీసెయ్యి. ఆ నంబరు కూడా మార్చు."

తర్వాత ఐశ్వర్య తామర పువ్వును వెతికి, బ్లాక్ తీసేసి, కింద రాసి ఉన్నది చదివింది. 'గౌరవనీయులైన పంకజాక్షి గారికి, నేను రాలేను. ఇకపై నన్ను సంప్రదించవద్దు.' నాగరత్నమ్మ ఎంగిలి మెతుకు తొక్కినట్టు మొహం పెట్టింది. ఫోను నోటి దగ్గరికి తెచ్చుకుని మాట్లాడింది. "పంకజా, అది నేను కాదే. నీ బావ, నా కొడుకు కలిసి చేసిన పాడు పని. నువ్వు యాడుండావో సెప్పు. పొద్దన్న మొదటి బస్సుకే వస్తా."

ఎదురుచూపు. షెడ్డులో మునిరత్నం గురక తప్ప చప్పుడు లేదు. ఫోను టింగుమంది. తామర పువ్వు నొక్కితే పంకజాక్షి గొంతు వసారాలో గలగలమంది.

"నాకి తెల్సు అక్కా! నువ్వు నన్ను గౌరవనీయులు అంటావా? తిట్టకుండా ఒక మాటన్నా సెప్పినావా పుట్టినకాడి నుంచి? నువ్వు రావేమో అనే ఏడ్చినా గానీ, నువ్వు రాసినావని కాదు. చేరిపోయినా. ఆసుపత్రి పేరు, దోవ పెంచలయ్య సెప్తాడు. మంచం కిటికీ పక్కనే. రా!"

నాగరత్నమ్మ అప్పుడు ఏడ్చింది. మళ్ళీ మొదటినుంచి వింది. ఫోను మూతపడితే చిటికెన వేలు పెట్టి తెరిచి, ఇంకోసారి వింది. తన వేలికి తన ఫోను తెరుచుకోవడం ఎంత బాగుందో! కొంగు బిగించి లేవబోతూ చూస్తే, ఐశ్వర్య కదల్లేదు. తన ఫోను తీసి కండెల మీద పెట్టి, దాన్నే చూస్తూ కూర్చుంది.

"ఏమి మా? నీదానికి కూడా ఏమన్నా అయిందా?"

"నా వేళ్ళు బాగానే ఉండాయి అత్తా," అంది ఐశ్వర్య. "దారం పట్టలేదు, అరగలేదు. అయినా దీంట్లో ఆయన వేలు కూడా ఉండాది. పెళ్ళైన మర్నాడే పెట్టినాడు. రోజూ నేను నిద్రపోయినాక తెరిచి చూస్తాడు. ఇందాక అన్నం తిని లేస్తా కూడా చూసినాడు."

నాగరత్నమ్మ ఆ ఫోను ఎత్తి వెలుగుకు పట్టింది. అద్దం మీద అదే బొటనవేలు, అదే పులుసు నూనె. ఆమె పైటచెంగు తడిపి, ఆ అద్దం శుభ్రంగా తుడిచి కోడలి చేతిలో పెట్టింది.

"తీసెయ్యి" అంది.