వాలు మీద ఇనుప పూలు

లియాఖత్ అలీ పొద్దున్నే చాయ్ తాగి, కొలిమి అంటుపెట్టి, ఇనుప పూలు చేస్తడు. పువ్వు తాంబాలమంత ఉంటది, నడిమిట్ల ఖాళీ, చుట్టూ రేకులు. పొద్దు పొడిస్తే అవి విచ్చుకుంటయి, పొద్దుగూకితే ముడుచుకుంటయి. వరంగల్‌ల అందరికీ తెలిసిన ముచ్చటే. గిరాకీలు రంగు సంగతి అడుగుతరు గానీ, ఇనుమెట్ల ముడుచుకుంటదని ఎవ్వలూ అడగరు.

డెబ్బయ్యారుల నర్సంపేట అవతలి దొర ఒకడు గడీకి పూల కంచె కట్టుమని పిలిపించిండు. గడీ ఉన్నది గుట్ట వాలు మీద. కంచెను వాలుతోటే వంపుగ దింపుదామంటే దొర ఒప్పుకోలె. పై అంచు సమంగ ఉండాలె, మెట్లు మెట్లుగ దిగాలె అన్నడు. అట్ల కడితే ఒక్కో చట్రం కింద, పల్లం దిక్కు, మనిషి దూరేంత సందు మిగులుతదని లియాఖత్ మొత్తుకున్నా ఇనలె. రాళ్లు తర్వాత పేర్పిస్తనన్నడు. పైగా ఎవ్వడూ ముట్టకుండ రేకులకు కత్తి పదును పెట్టుమన్నడు. ఏం పాపపు బుద్ధో!

గుంతలు తవ్వెటందుకు ఉప్పలయ్యను పట్టుకొచ్చిండ్రు. ఆ వాలు మీది జొన్నచేను ఆయనదే, దొర సగం కంచెల కలుపుకున్నడు. తన చేన్ల తనే గుంతలు తవ్విండు పాపం. లియాఖత్ తెచ్చిన రొట్టె ఇద్దరూ పంచుకొని తినేటోళ్లు. పదకొండో నాడు ఉప్పలయ్యకు ఓపిక తెగింది. కొత్తగ నాటిన స్తంభాన్ని గడ్డపారతోటి పెకిలించి దొర వాకిట్ల పారేసిండు.

దొర మనుషులు కట్టెలు ఇరిగేదాక కొట్టిండ్రు. రెండు పండ్లు రాలినయి, ఒక కన్ను మూసుకపోయింది.

"స్తంభానికి కట్టుండ్రి. చాయ్ తాగొచ్చి నేనే నరుకుత," అన్నడు దొర.

లియాఖత్ పడమటి దిక్కు చూసిండు. పొద్దు జానెడే ఉన్నది.

"స్తంభాల సిమెంటు ఇంకా పచ్చిగున్నది దొరా, గుంజితే ఊడొస్తది. కింది చట్రంకాడ, పూలల్లకెల్లి తాడు దూర్చి కట్టుమనుండ్రి. అది గట్టిది."

ఉప్పలయ్య నోట్లె నెత్తురు లియాఖత్ మొకాన ఉమ్మిండు. ఆయన తుడుచుకోలె.

పూలు ముడుచుకుంటయని దొరకు తెల్వక కాదు. రోజూ మేడ మీద కూసొని చూసి మురిసేటోడే. కోపంల యాదిమరిసి, అట్లనే కట్టించి చాయ్‌కు పోయిండు.

గొడ్డలి పట్టుకొని ఆయన వచ్చే యాల్లకు పొద్దు గుట్ట ఎనుకకు దిగింది. రేకులు మెల్లగ దగ్గరికొచ్చినయి. తాడు తెగింది, మణికట్ల మీది తోలు గూడ లేచింది. ఉప్పలయ్య కింద పడి, సందుల దూరి, అవతల లేచి నిలబడ్డడు. దొర గొడ్డలి పారేసి, పక్కన ఇంకా సగమే ముడుచుకున్న పువ్వులకెల్లి చెయ్యి జాపి ఆయన జుట్టు అందుకున్నడు. పువ్వు మాత్రం ఆగలె. రేకులు మణికట్టు చుట్టూ బిగిసినయి, జుట్టు జారిపోయింది. ఉప్పలయ్య జొన్నలల్లపడి ఉరికిండు.

దొర అరుపులకు ఊరంత కంచె అవతలికి వచ్చింది. అంతమందిని చూసి దొర మనుషులు గోడ దుంకి పోయిండ్రు. విప్పురా అని దొర లియాఖత్ మీద ఒర్లిండు.

"నా చేతుల లేదు దొరా. పొద్దు పొడిస్తేనే విచ్చుకుంటయి," అన్నడు లియాఖత్, సుత్తె సంచిల ఏసుకుంట. "జర కదలకుండ్రి. పదునెక్కువున్నది."

గొడ్డలి దొర కాళ్లకాడ పడి ఉన్నది. ఉప్పలయ్య పెండ్లాం కట్టమ్మ కొంగు నడుముకు చెక్కి, వంగి, ఆ సందులకెల్లే లోపలికి దూరింది.