ఇరవయ్యో కార్డు

పద్దెనిమిదో కార్డు దూర్చి మీట నొక్కింది. “అన్నీ తుడిచెయ్యాలా?” అని తెర అడిగితే “అవును” నొక్కింది. పందొమ్మిదోది. అవును. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి గానీ ఆవిడ కళ్ళు గోడ గడియారం మీదే ఉన్నాయి. పదకొండున్నర కూడా కాలేదు. ట్రేలో చెయ్యి పెడితే ఇంకోటి తగిలింది. దూర్చింది. అవును.

అప్పుడు గుర్తొచ్చింది, నిన్న సాయంత్రం ట్రేలో పెట్టినవి పందొమ్మిదే.

పాత వీడియో గేములు కొని, బాగుచేసి, మళ్ళీ అమ్మే దుకాణం అది. ఆడేవాళ్ళు ఎక్కడిదాకా వచ్చారో దాచుకునేది అగ్గిపెట్టెలో సగముండే ఈ బూడిదరంగు కార్డుల్లోనే. ఒకరి ఆట ఇంకొకరి చేతిలో పడకూడదని, అమ్మేముందు ప్రతి కార్డూ తుడిచెయ్యాలని ఓనరు నియమం. ఇరవై రెండేళ్ళుగా ఆ తుడిచే చెయ్యి ఈవిడదే.

ఇరవయ్యో కార్డు బయటికి లాగి వెనక్కి తిప్పింది. మూలన గుర్తుకని పూసిన ఎర్ర గోళ్ళరంగు, అరిగిపోయి చుక్కంతే మిగిలింది. అన్నయ్య కార్డు. “సరిగ్గా చదవట్లేదే, దాని అంచున మెరిసే పళ్ళు తుడిచి పట్టుకురా” అని పొద్దున్న ఇచ్చాడు. సంచీ దులిపినప్పుడు ట్రేలో పడ్డట్టుంది. పళ్ళు తుడవమంటే ప్రాణమే తుడిచేసింది మహాతల్లి.

అందులో ఉన్నది ‘ఏడు దీపాల కోట’. ఎనిమిది నెలలు, తొంభై రెండు గంటల ఆట. ఆఖరి తలుపు ముందు మూడు రోజులుగా ఆపి ఉంచాడు, ఈవిడ కోసమే. ఎందుకంటే ఈవిడ ఇన్నేళ్ళలో ఒక్క ఆటకీ ముగింపు చూడలేదు. కొత్తగా వచ్చిన ప్రతి ఆటనీ మొదటి గంట ఆడి, బాగానే నడుస్తోందని చీటీ అంటించడం ఈవిడ ఉద్యోగం. ఉద్యోగమనేముంది, మనిషే అంత. సంగీతం మూడు నెలలు, టైపు ఆర్నెల్లు, కాపురం పద్నాలుగు నెలలు. కాలు ఒకచోట నిలవదని చిన్నప్పుడే అన్నయ్య తుర్రుపిట్ట అని పేరు పెట్టాడు. ఆయనేమో ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి. ఆఖరి పేజీ ఆఖరి చుక్క చూస్తే గానీ లేచేవాడు కాదు. ఇప్పుడు లేవనే లేడు. గుండె అలిసిపోయిందన్నాడు డాక్టరు, ఎన్నాళ్ళో చెప్పలేనన్నాడు.

“ఇవాళ ఆరింటికల్లా రా. ఒక్క ముగింపన్నా చూసి ఏడు,” అన్నాడు పొద్దున్న.

దుకాణంలో అటూ ఇటూ కాలుగాలిన పిల్లిలా తిరిగింది. అరలో ఇంకో ‘ఏడు దీపాల కోట’ ఉంటే తీసి ఆటలాడే పెట్టెలో వేసింది. సాయంత్రానికి ఎంతదాకా వస్తే అంత! తొంభై రెండు గంటల దారిని ఆరు గంటల్లో పరిగెత్తాలన్న బుద్ధికి నవ్వొచ్చింది, మరుక్షణం ఏడుపొచ్చింది. పేరు పెట్టమని తెర అడిగింది. ఈ ఆటకొక పిచ్చి, పేరు పెట్టే తెర దగ్గర్నుంచే ఆడిన కాలం లెక్కేసుకుంటుంది. ఏదో ఒక అక్షరం కొట్టి ముందుకురికింది.

మధ్యలో ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. “అక్కా, పాతదేదైనా చెప్పండి. కథ ఉండాలి, కంగారు ఉండకూడదు.”

ఎవరొచ్చినా ఆవిడ అడిగే ప్రశ్న ఒకటే. “ఎవరన్నా అడ్డమొస్తే హారన్ కొడతారా, ఆగుతారా?”

“ఆగుతానక్కా. కొట్టీ కొట్టీ విసుగొచ్చింది.”

“అయితే వంతుల ఆట పట్టుకెళ్ళండి. మీరు నొక్కేదాకా అవతలి రాక్షసుడు కూడా కదలడు. టీ తాగొచ్చినా అక్కడే నిలబడి ఉంటాడు.”

చెప్పింది ఈవిడే గానీ మాట అన్నయ్యది. “ఈ ఆటల్లో శత్రువుకి కూడా మర్యాద ఉంటుందే. మన వంతు మనకిస్తాడు,” అంటాడాయన, వణికే వేళ్ళతో నిమ్మళంగా మీట వెతుక్కుంటూ.

డ్రైవరు వెళ్ళగానే, దుకాణానికి తరచూ వచ్చే సర్వేయరు గారికి ఫోన్ చేసింది. కిందటేడు ఆయనకి ‘ఏడు దీపాల కోట’ ఇచ్చింది ఈవిడే. ఆయన కార్డులో ఆఖరి తలుపు దాకా ఉంటే చాలు, అడిగి పట్టుకెళ్ళొచ్చు. అన్నయ్య తెలుసుకోడా అంటే, తెలుసుకున్నాక చూద్దాం.

“అదా అమ్మా? మూడో దీపం దగ్గర వదిలేశాను. మోకాళ్ళ నొప్పులొచ్చాయి.”

ఆటకీ మోకాళ్ళకీ ఏం సంబంధమో ఆవిడకి అర్థం కాలేదు. ఇంకో ఇద్దరికి చేసింది. అందరూ మధ్యలో వదిలేసినవాళ్ళే. అందరికీ ఆ ఆట అంటగట్టింది ఈవిడే. నాలుగింటికి తెర మీద ఈవిడ వీరుడు ఇంకా రెండో ఊళ్ళో దారి తెలియక తిరుగుతున్నాడు. ఆపేసి, అన్నయ్య కార్డు పళ్ళు తుడిచి సంచీలో వేసుకుని, తలనొప్పని ఓనరుకి చెప్పి బయటపడింది. బస్సులో ఖాళీ సీటున్నా నిలబడే వచ్చింది.

అన్నయ్య అప్పటికే వాలు కుర్చీలో సిద్ధంగా ఉన్నాడు. ఉతికిన చొక్కా తొడుక్కుని, తల కూడా దువ్వుకున్నాడు. ఆ దువ్విన తల చూసి, ఈవిడ చెప్పులు విప్పకుండానే గుమ్మంలోంచి చెప్పేసింది.

“అన్నయ్యా, కార్డు తుడిచేశాను. అమ్మేవాటిలో పడిపోయింది. చూసుకోలేదు.”

ఆయన కుర్చీ చేతి మీద వేలితో గీతలు గీశాడు.

“మొత్తమా?”

“మొత్తం.”

“తుడవాలా అని అడగదటే అది?”

“అడిగింది.”

“నువ్వు?”

“అవునన్నాను.”

ఆయన నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగి, దగ్గు ఆయాసంలోకి దిగింది. ఈవిడ వీపు నిమిరింది. ఊపిరి అందాక అన్నాడు, “సరే. పెట్టు. మొదట్నించీ.”

“ఎనిమిది నెలలు పట్టింది అన్నయ్యా!”

“పడితే పట్టనీ. నాకేం రాచకార్యాలున్నాయా? మొదటి గంట నీకు కొట్టిన పిండి. ఈసారి పక్కన కూచో. లేవకుండా కూచో, అంతే నేనడిగేది.”

టీవీ వెలిగింది. కూచుంది. పేరు పెట్టే తెర, దాని పాట. పోయిన ఆటలో వీరుడికి ఆయన వాళ్ళ నాన్న పేరు పెట్టాడు. “ఈసారి నీ పేరు పెడతా. ఆరు అక్షరాలే పడతాయి, తుర్రు చాలు,” అన్నాడు. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కటే వెతుకుతున్నాడు. టీ అనే అక్షరానికే అర నిమిషం. ఆవిడ కాళ్ళు ఊగడం మొదలెట్టాయి.

“టీ పెట్టుకొస్తా.”

“కూచోవే.”

“రెండు నిమిషాలు, ఇప్పుడే వస్తా!”

వంటింట్లో పాట వినిపిస్తూనే ఉంది. చిన్న పాట, అయిపోయి మళ్ళీ మొదలవుతుంది. దుకాణంలో పని మీద ఆవిడ దాన్ని రెండోసారి తిరగనిచ్చిందే లేదు. మూడోసారి తిరిగింది. “పేరు పెట్టడానికి ఇంతసేపా అన్నయ్యా?” అంది. నాలుగోసారి. టీ పొంగింది. అయిదోసారి పాట మొదలయ్యేసరికి పొయ్యి ఆపి పరిగెత్తుకొచ్చింది.

ఆయన గడ్డం గుండెకి ఆనుకుని ఉంది. బొటనవేలు మీట మీదే ఉంది. తెర మీద మూడు అక్షరాలున్నాయి, నాలుగో దాని చోట గీత వెలిగి ఆరుతోంది.

జనం వచ్చారు. ఎవరో టీవీ ఆపారు. పక్కింటావిడ పెట్టె స్విచ్చు మీద చెయ్యి వేయబోతే ఈవిడ “వద్దు!” అని అరిచిన అరుపుకి అందరూ తిరిగి చూశారు. ఆపితే ఆ మూడు అక్షరాలు పోతాయని వాళ్ళకేం తెలుసు. ఆ రాత్రీ, మర్నాడంతా, ఆయన్ని తీసుకెళ్ళినప్పుడు కూడా పెట్టె మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.

మర్నాడు సాయంత్రం ఇల్లు ఖాళీ అయ్యాక టీవీ పెట్టి మిగతా రెండు అక్షరాలు నొక్కింది. మొదటి ఊరి బావి దగ్గర ఆట దాచుకునే చోటు వచ్చేదాకా ఒక్కసారి కూడా లేవలేదు. దాచుకుంది. అన్నయ్య కార్డు బయటికి తీసి, మూలన కొత్తగా గోళ్ళరంగు పూసి, ఆరడానికని వాలు కుర్చీ చేతి మీద పెట్టింది.

ఆ కార్డు ఇప్పటికీ అక్కడే ఉంది. అందులో ఉన్నది ఒక్కటే ఆట: పేరు తుర్రు, ఆడిన కాలం ఇరవై ఆరు గంటలు. అందులో ఇరవై అయిదు గంటలూ ఎవరూ ఏ మీటా నొక్కనివే.