ఖాసిం సాహెబ్ చెప్పిన జవాబులు

మైదుకూరు రోడ్డుకు ఎడంగా, ఎర్రదిబ్బల నడుమ ఉన్న జైలుకు కాలేజీ నుంచి ఒక మేష్టారు వస్తున్నాడనీ, ఖైదీలను కాక వార్డర్లను ప్రశ్నలు అడుగుతాడనీ తెలిసిన రోజు అందరూ నవ్వుకున్నారు. హెడ్ వార్డరు ఉరుకుందప్ప మాత్రం నవ్వలేదు. ఇన్నేళ్ల సర్వీసులో నీ బాగోగులేమిటని తనను అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఇప్పుడు అడగబోతున్నారంటే అతనికి మొదట గుర్తొచ్చింది తన సంగతి కాదు, ఖాసిం సాహెబ్ సంగతి.

ఖాసిం అతని కింద పనిచేసే వార్డరు. వేంపల్లె మనిషి. జైలు వెనక వరసగా కట్టిన క్వార్టర్లలో ఇద్దరివీ పక్కపక్క ఇళ్లే. ఖాసిం మెతక మనిషి. ఖైదీని నంబరుతో కాక పేరు పెట్టి పిలిచేవాడు. అందుకే ఉరిశిక్ష పడిన గిడ్డయ్యకు కాపలా వేయాల్సి వచ్చినప్పుడు ఉరుకుందప్పే అతన్ని ఎంచాడు. చావబోయేవాడి దగ్గర మంచి నోరున్న మనిషి ఉండాలనుకున్నాడు.

గిడ్డయ్యది బద్వేలు పక్క పల్లె. పొలం గట్టు మీద గెనిమ తగాదాలో దాయాదిని కొడవలితో నరికాడు. ఆ వానాకాలమంతా కమ్ముల ఇవతల ఖాసిం, అవతల గిడ్డయ్య. ఎద్దుల గురించి, కొర్రపైరు గురించి మాట్లాడుకుంటూ గడిపారు. గిడ్డయ్య అతన్ని మామా అని పిలిచేవాడు. క్షమాభిక్ష అర్జీ తిరిగి వచ్చాక, ఉరితీసే పొద్దున, చేతులు వెనక్కి విరిచి కట్టే పని కూడా ఖాసిం మీదే పడింది.

"గట్టిగా కట్టొద్దు మామా, నొస్తాది" అన్నాడు గిడ్డయ్య.

ఖాసిం వదులుగా కట్టాడు. జైలరు చూసి, నానా మాటలూ అని, మళ్లీ బిగించి కట్టించాడు.

ఆ రోజు నుంచి ఖాసింకు తిండి సయించలేదు, కంటికి కునుకు రాలేదు. ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగినవాడు ఇంటికి రాలేదని వెతుక్కుంటూ పోతే, గిడ్డయ్య ఉండిన గదిలో వట్టి బండల మీద ముడుచుకుని పడుకుని కనిపించాడు.

"ఏం పని ఖాసిమూ ఇది? లెయ్, ఎవరన్నా చూస్తే ఇంకేమన్నా ఉండాదా?"

"ఈడైతే నిద్ర పడ్తాదన్నా. ఇంట్లో పడదు. నువ్వు బయట గడె పెట్టి పో."

ఉరుకుందప్ప అతన్ని రెక్క పట్టి లేపి ఇంటికి తీసుకుపోయాడు. ఆ మాట ఎవరికీ పొక్కనివ్వలేదు. తర్వాత కూడా రెండు మూడు సార్లు అలాగే లేపుకొచ్చాడు.

మేష్టారు వచ్చే ముందు జైలరు అతన్ని గదికి పిలిపించాడు.

"ఏమప్పా, ఇదంతా యాలకో తెలుసునా? కొత్త రాష్ట్రం, కొత్త సర్కారు. మతి సరిగా లేనోళ్లను ఏరి ఇండ్లకు పంపేదానికి. మన జైల్లో అంతా బాగుండాదని ప్రతివాడూ చెప్పాల. నీదే పూచీ."

అది నిజమో, జైలరు భయమో ఉరుకుందప్పకు తెలియదు. ఆ సాయంత్రమే ఖాసిం భార్య దౌలత్ బీ కొంగు తలమీదికి లాక్కుని అతని వాకిట్లో నిలబడింది.

"అన్నా, ఆయన నోట ఏం రానీయొద్దు. నౌకరీ పోతే ఈ ఇల్లు పోతాది. పిల్లల్ని ఎత్తుకోని యాడికి పోవాల నేను?"

"నేను చూసుకుంటాలేమ్మా" అన్నాడు ఉరుకుందప్ప. అన్నట్టే చూసుకున్నాడు. ఏమడిగినా బాగుండాదని మాత్రమే అనాలని ఖాసింకు నూరిపోశాడు. ఖాసిం బడిపిల్లాడిలా తల ఊపాడు.

వచ్చిన మేష్టారి పేరు దేవేంద్రప్ప. అనంతపురం వైపు మనిషి, సన్నగా, కళ్లద్దాలతో ఉన్నాడు. ఆఫీసు గదిలో ఒక్కొక్కరినే కూర్చోబెట్టుకుని అడిగాడు. కుర్చీలో కూర్చోమంటేనే వార్డర్లకు చెమటలు పట్టాయి. ఉరుకుందప్ప కిటికీ బయట నిలబడి విన్నాడు.

"ఉద్యోగంలో చేరేటప్పుడు మీకేం తర్ఫీదు ఇచ్చారు?"

"లాఠీ ఇచ్చినారు సార్. యాడ నిలబడాల్నో చూపించినారు." ఖాసిం గొంతు స్థిమితంగానే ఉంది.

"అంతేనా? ఖైదీకి జబ్బు చేస్తే, ఏడిస్తే, ఉరి ఖైదీ దగ్గర ఉండాల్సి వస్తే ఏం చేయాలో ఎవరైనా చెప్పారా?"

ఖాసిం కిటికీ వైపు చూశాడు.

"బాగుండాది సార్."

"నిద్ర సరిగా పడుతుందా?"

"శానా బాగుండాది సార్."

"ఈ పని మీకు ఇష్టమేనా?"

"బాగుండాది సార్. అంతా బాగుండాది."

ఖాసిం బయటికి వచ్చి, సరిగ్గా చెప్పానా అన్నట్టు ఉరుకుందప్ప మొహంలోకి చూశాడు. ఉరుకుందప్ప అతని భుజం తట్టాడు.

చివరికి తన వంతు వచ్చింది. దేవేంద్రప్ప ప్రశ్నలు పక్కన పెట్టి, గొంతు తగ్గించాడు.

"ఇందాక వచ్చిన సాహెబ్ అన్నిటికీ ఒకే మాట చెప్పాడు. చేతులు మాత్రం వణుకుతూనే ఉన్నాయి. ఏమైందాయనకు? మీరు చెబితే మీ పేరు బయట పెట్టను. డాక్టరుకు చూపించి, కొన్నాళ్లు వేరే పని ఇమ్మని పైవాళ్లను నేనే అడుగుతాను."

ఈ మనిషి మాట నమ్మవచ్చునని ఉరుకుందప్పకు అనిపించింది. చెప్పేద్దామని నోరు తెరిచాడు. వరండాలో జైలరు బూట్ల చప్పుడైంది. కొంగు పట్టుకు నిలబడిన దౌలత్ బీ కళ్లముందు మెదిలింది.

"చలిజ్వరం సార్. మొన్ననే తగ్గింది."

దేవేంద్రప్ప అతని వంక కొంచెంసేపు చూసి, సరే అన్నాడు. సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు. జైలరు ఉరుకుందప్పను మెచ్చుకుని ఒక సిగరెట్టు ఇచ్చాడు.

వారం తిరక్కముందే, పొద్దున డ్యూటీ మారే వేళ ఖాసిం కనబడలేదు. ఉరుకుందప్ప నేరుగా ఆ గదికే వెళ్లాడు. ఖాసిం యూనిఫారం విప్పి, మడిచి, గడప బయట పెట్టి, లోపల గోడవార చతికిలబడి ఉన్నాడు. పిలిస్తే లేచి చేతులు కట్టుకున్నాడు.

"నా అర్జీ ఏమాయ సార్? జవాబొచ్చిందా?"

"ఖాసిమూ, నేనురా! మీ అన్నను!"

"ఖాసిం మామ ఈపొద్దు రాలేదు సార్. ఆయప్పకు ఒంట్లో బాగలేదు."

ఈసారి లేపుకుపోవడానికి అతను ఒప్పుకోలేదు. తలుపు పట్టుకుని కేకలు పెట్టాడు. ఆ కేకలకు జైలంతా లేచి చూసింది. డాక్టరు వచ్చి మతి చలించిందని రాశాడు. పిచ్చాసుపత్రికి పంపడానికి పైనుంచి హుకుం రావాలి. అది వచ్చేదాకా అలాంటి వాళ్లను జైల్లోనే ఉంచాలని రూలు. గదికి తాళం వేయమని జైలరు ఉరుకుందప్పకే చెప్పాడు. గది బయట గడె పెట్టమని అడిగిన మనిషికి ఇప్పుడు తాళమే పడింది. అయినా ఖాసింకు అక్కడ కూడా నిద్ర పట్టలేదు.

హుకుం రాలేదు. చలికాలం వచ్చింది. క్వార్టరు ఖాళీ చేయమని దౌలత్ బీకి తాఖీదు వచ్చింది. ఏ ఇంటి కోసం అందరూ నోరు మూసుకున్నారో ఆ ఇల్లు పోయింది. ఆమె పిల్లలతో వేంపల్లెలో తమ్ముడి పంచన చేరింది.

ములాఖాతు రోజున ఆమె ఖైదీల పెండ్లాలతో పాటు వరసలో నిలబడింది. ఉరుకుందప్ప ఆమెను ముందుకు రమ్మన్నాడు. ఆమె రాలేదు. తన వంతు వచ్చాకే కమ్మి దగ్గరికి వచ్చి, గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెలు చూపించింది. ఖాసిం ఆమెను ఎరగనట్టు చూశాడు.

"ఎవరమ్మా నువ్వు? మా ఊరినించి వచ్చినావా?"

దౌలత్ బీ కమ్మి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వెంట వచ్చిన చిన్నపిల్ల అబ్బా, అబ్బా అని తండ్రిని పిలుస్తుంటే దాని నోటికి చేయి అడ్డం పెట్టింది. కాసేపటికి ఉరుకుందప్ప వైపు తిరిగింది.

"నేనే గదన్నా వద్దంటి. ఆ సారుకు చెప్పొద్దని నేనే గదా అంటి."

తనను కూడా ఆ సారు అడిగాడనీ, చెప్పే వీలు తనకూ దొరికిందనీ ఉరుకుందప్ప చెప్పలేకపోయాడు. ఆమె వెనక వరసలో జనం తొందరపడుతున్నారు. రూలు ప్రకారం ములాఖాతు ముగించాల్సింది కూడా అతనే.

"టైమైందమ్మా" అన్నాడు. "పక్కకు జరుగు."

ఆమె రొట్టెల మూట అతని చేతిలో పెట్టి, పిల్లను చంకనెత్తుకుని పోయింది.