అర్బాబు పేరున గ్యారేజీ

వెంకటాద్రి కొట్టు ముందు, మిరపకాయల టిక్కీ బస్తాలు తూచే కాటా మీద ఆ సాయంత్రం రెండు సూట్‌కేసులు ఎక్కాయి. నరసరావుపేటలో ఆ వీధి నుంచి గల్ఫుకు వెళ్ళేవాళ్ళు విమానం దగ్గర తిట్లు తినకుండా ముందు ఇక్కడే తూకం చూసుకుంటారు. తొమ్మిదేళ్ళుగా కుల్సుం ఈ కాటా పక్కన నిలబడి భర్త అల్తాఫ్ పెట్టె తూయించి, అతణ్ణి హైదరాబాదు బస్సెక్కించి, ఒంటరిగా ఇంటికి నడుస్తోంది. రెండో పెట్టె ఆమెది కావడం ఇదే మొదటిసారి.

"ఇంత కారం ఎందుకే అమ్మాయ్? అక్కడి సముద్రంలో కలుపుతావా ఏంది?" అన్నాడు వెంకటాద్రి.

"నీ కొట్లో కారమేగా బాబాయ్! సగం పొట్టే. అందుకే రెండింతలు మోసకపోతన్నా."

వెంకటాద్రి పడీపడీ నవ్వాడు. అల్తాఫ్ కూడా నవ్వాడు. ఒమాన్‌లోని సొహార్‌లో ఏడేళ్ళు ఇంకొకరి దగ్గర లారీలు బాగుచేసి, రెండేళ్ళ కిందట సొంతంగా గ్యారేజీ పెట్టుకున్నాడతను. పైన గది, చిన్న వంటిల్లు. వాటిని ఫోనులో చూపించిన రోజు కుల్సుం పొయ్యి ఏ మూల పెట్టాలో, బియ్యం డబ్బా ఎక్కడుంచాలో అన్నీ చెప్పేసింది.

అప్పుడే ఫోను మోగింది. గ్యారేజీలో అల్తాఫ్ కింద పనిచేసే ఖాసిం. మాచర్ల పిల్లాడు.

"అన్నా, షట్టరుకు తాళం మార్చేశారు. పొద్దున అర్బాబు ఎవణ్ణో తీసుకొచ్చాడు. గ్యారేజీ ఇక వాడిదేనంట. మా సామాను కూడా బయట పడేశారు. మళ్ళా పాత రూముకే పోయాం."

అర్బాబంటే అక్కడి యజమాని. లైసెన్సు తీసుకున్నది ఆయన పేరునే.

అల్తాఫ్ జేబులోంచి తాళాల గుత్తి తీసి ఫోను దగ్గర ఆడించాడు. "ఇది నా దగ్గరుంటే గ్యారేజీ ఎట్టా ఇస్తాడ్రా? నువ్వేదో తప్పుగా విన్నావు."

"విన్లేదన్నా, చూశా. బోర్డు కూడా దించుతున్నారు."

వెంకటాద్రి కాటా రాళ్ళు పక్కన పెట్టాడు. "ఒరేయ్, గ్యారేజీ నీ పేరున లేదా?"

"లేకపోతే ఏంది మావా? ఈపూరు నాగేశ్వరరావు పేరు మీదున్న లారీని మా నాయన పదేళ్ళు తిప్పాడు. ఎవడన్నా అడిగాడా? తాళం ఎవడి చేతిలో ఉంటే బండి వాడిదేగా!"

"అది ఈపూరురా! అడ్డం తిరిగితే నలుగురం పోయి వాడి గుమ్మంలో కూర్చునేవాళ్ళం. సొహార్‌లో ఎవడి గుమ్మంలో కూర్చుంటావు?"

కుల్సుంకు ఒళ్ళు మండింది. ఆ మాట తను ఎప్పుడో అడిగింది. 'నీకు తెలవదులే, అక్కడంతా ఇట్టాగే' అన్నాడు. తెలియని మనిషిగా తను ఊరుకుంది. తెలిసిన మనిషి పరాయి పేరు మీద గ్యారేజీ పెట్టి, తాళం జేబులో వేసుకుని సెలవుకు వచ్చాడు.

అల్తాఫ్ అర్బాబుకు ఫోను చేశాడు. అరబ్బీలో క్షేమం అడిగాడు, పిల్లల గురించి అడిగాడు. కుల్సుంకు మాటలు అర్థం కాలేదు. అతని భుజాలు వంగిపోవడం మాత్రం కనబడుతూనే ఉంది. గట్టిగా ఒక్కసారైనా అరుస్తాడేమోనని చూసింది. 'షుక్రన్, షుక్రన్' అని రెండుసార్లు థాంక్సు చెప్పి ఫోను పెట్టేశాడు.

"ఏమన్నాడు?"

"నువ్వు నా తమ్ముడి లాంటోడివన్నాడు. వస్తే అందులోనే పనిస్తానన్నాడు. జీతానికి."

"నీ గ్యారేజీలో నీకు పనిస్తాడా? దానికి నువ్వు షుక్రన్ చెప్తావా?"

"మరేం చెయ్యమంటావే? గొడవ పెట్టుకుంటే వీసా కాన్సిలు కొట్టేస్తాడు. రేపు నేను పోతా. దగ్గరుండి మంచి చేసుకుంటా."

"పోతానంటావేంది? పోదాం అను. నా వీసా కూడా చేతిలోనే ఉంది. ఇంకా ఎవడూ కొట్టెయ్యలా. గది లేకపోతే లేదు, నువ్వు ఏడుంటే నేనూ ఆడే ఉంటా."

"పాత రూములో ఎనిమిది మందిమి ఉంటాం. గోడకు ఒకడు, వాడి కాళ్ళ దగ్గర ఒకడు. నిన్నేడ పెట్టను?"

కుల్సుంకు ఇంకా కోపం వచ్చింది. "ఇక్కడ లారీలు చెడిపోటం లేదా?" అంది.

"ఊరంతా నన్ను సేఠ్ అంటన్నారు. ఇప్పుడు లింగంగుంట్ల రోడ్డు మీద పానా పట్టుకుని కూర్చోమంటావా?"

"అక్కడ పట్టుకుంటే సిగ్గు లేదా?"

"అక్కడ చూసేవాళ్ళు లేరు."

ఆ మాటతో అతను ఎందుకు పోతున్నాడో ఆమెకు తెలిసిపోయింది. కాటా మీదున్న తన పెట్టె తెరిచి చీరలు, దుప్పటి, కొత్త గిన్నెలు ఒక్కొక్కటే బయటకు తీసింది. వెంకటాద్రి ఖాళీ గోతం ఇచ్చి ముఖం తిప్పుకున్నాడు. అల్తాఫ్ ఆపలేదు. కారం పొట్లాలు మాత్రం తన పెట్టెలోకి మార్చుకున్నాడు.

"మూడు నెలలు ఓపిక పట్టు కుల్సుం."

"బస్సు దాకా నన్ను రమ్మనమాకు."

గోతం భుజానికెత్తుకుని సందులోకి నడిచింది. వెనక అడుగుల చప్పుడు వస్తుందేమోనని చెవి అటే పెట్టింది. ఆమె సందు మలుపు చేరేసరికి కొట్టు దగ్గర నుంచి అతని గొంతు వినబడింది. ఫోనులో మాట్లాడుతున్నాడు.

"ఖాసిం, రేపు వస్తన్నాన్రా. రూములో ఫ్యాను కింద నాకు చోటు పట్టి ఉంచు."