బుల్డోజర్ కంటే పాత మాట

సాయంత్రం నాలుగింటికి బుల్డోజర్ డ్రైవరు తన భార్య రాసిన పేజీ చదివి, టీ ముట్టుకోకుండా గ్లాసు పక్కకు జరిపేశాడు.

ఆమె ఇంగ్లిష్-తెలుగు నిఘంటువు ఆఫీసులో పనిచేస్తుంది. ఐదింటికల్లా ఆ పేజీ ఇంటి నుంచే అచ్చుకు పంపాలి. 'బుల్డోజ్' అనే క్రియకు రెండు అర్థాలు రాసింది. రెండోది, బుల్డోజరుతో కూల్చి అడ్డు తొలగించు. మొదటిది, కొట్టి బెదిరించి లొంగదీయు. అమెరికాలో ఓటేయబోయిన నల్లవాళ్ళను కొరడాలతో కొట్టిన కాలపు మాట అనీ, 'బుల్ డోస్', అంటే ఎద్దుకు సరిపడా దెబ్బల మోతాదు, అన్న అర్థంలో పుట్టి ఉండవచ్చనీ కింద రాసింది.

"మనకు కూడు పెట్టే బండే అది. దాని నోట్లో మట్టి కొట్టావు కదే!"

"దాని నోట్లో రోజూ ఉండేది మట్టేగా," అందామె.

"నవ్వకు. రేపు మన పిల్ల చదువుతుంది. మా నాన్న జనాన్ని బాదే పని చేస్తాడనుకోదూ?"

"ఈ మాట పుట్టేనాటికి మీ బండి పుట్టనే లేదండీ."

"మరింకేం, ఆ పాత గొడవ తీసెయ్. నిన్నెవరడిగారు?"

"దెబ్బలు తిన్నవాళ్ళున్నారు కదా. వాళ్ళను ఎలా తీసెయ్యమంటారు?"

ఆయన మూతి ముడుచుకుని బల్ల కిందికి చూశాడు. అక్కడ పిల్లి పడుకుని ఉంది. కూల్చబోయే ఇంట్లోంచి ఓసారి దాన్ని చొక్కాలో వేసుకుని బయటికి తెచ్చాడు. అప్పటి నుంచి పనిలో అందరూ ఆయన్ను పిల్లుల మేస్త్రి అంటారు.

ఆమె పెన్సిలు తీసింది. "రెండో అర్థానికి ఉదాహరణ ఇంకా రాయలేదు. పొద్దున ఏం చేశారో చెప్పండి."

"ఏం చేస్తాను? పాత గోదాము పడగొట్టాను."

"అంతకు ముందు?"

"ఏముంది? ఇంజను ఆపి, దిగి, లోపలంతా చూసొచ్చాను. ఎవరైనా ఉన్నారా అని కేకేశాను. రోజూ చేసేదే. ఇదీ రాస్తావా ఏంటి?"

ఆమె రాసింది. కాగితం ఆయన వైపు తిప్పింది. ఆయన పెదవులు కదుపుతూ చదివాడు. మళ్ళీ చదివాడు.

"పిల్లకు నేనే చూపిస్తాను," అన్నాడు.

"మొదటి అర్థం కూడా చూపించాలి మరి."

"సరేలే తల్లీ, చూపిస్తాను."

పేజీ ఐదింటికి అచ్చుకు వెళ్ళింది. రెండు అర్థాలూ అలాగే ఉన్నాయి. రెండోదాని కింద ఉదాహరణ ఇది: 'గోదామును బుల్డోజ్ చేసే ముందు డ్రైవరు దిగి లోపలంతా చూశాడు.'

టీ చల్లారిపోయింది. ఆయన అలాగే తాగేశాడు.