పదో లింకు

ఆగండాగండి, ఎక్కడికా తొందర? ఇది మొత్తం విని, నాకొక మాట చెప్పి వెళ్లండి.

మా అత్తగారు లోర్నా హౌగెన్ గరాజులో కిటికీ కింద ఒక బల్ల, దానికి బిగించిన బూడిద రంగు ప్రెస్సు ఉన్నాయి. కాల్చేసిన తూటాల ఇత్తడి తొడుగుల్ని అందులో మళ్లీ అచ్చుకి నొక్కి, మందు నింపి, కొత్త తూటాలు చేసుకుంటారావిడ. మా మోంటానా లోయలో సగం ఇళ్లలో ఇలాంటిదొకటి ఉంటుంది. ఆ ఇళ్లలో ఇంటిల్లిపాదీ వాడతారు. మా ఇంట్లో మాత్రం ఆవిడ తప్ప ఎవరూ ముట్టకూడదు. కన్నకొడుకు, అంటే మా ఆయన గారెట్, బల్లకి మూడడుగుల దూరంలో నిలబడాలి. పదిహేనేళ్లప్పుడు ప్రెస్సులో లింకు విరగ్గొట్టాడట. ఇప్పుడు ముప్ఫైమూడు. శిక్ష ఇంకా నడుస్తోంది.

అలాంటి ఆవిడ ఈసారి నాతో ఏమన్నారో తెలుసా?

"సియాటిల్ పిల్లా, శనివారం ఎల్క్ దుప్పుల వేటకి వస్తావా? నీ తూటాలు నువ్వే చేసుకోవాలి. ఇరవై చాలు. కొన్న తూటాలతో వచ్చేవాళ్లని నా ట్రక్కు ఎక్కించను."

ఎగిరి గంతేశాను! పెళ్లయి రెండేళ్లయినా ఈ ఇంట్లో నేనింకా చుట్టాన్నే. ఆవిడతో వేటకెళితేనే ఇంటి మనిషినైనట్టు. రెండ్రోజులు పక్కన నిలబెట్టి నేర్పించి, సోమవారం పొద్దున చెల్లెలింటికి బోయిసీ వెళ్లారు, శుక్రవారం వస్తానని.

సోమవారం మధ్యాహ్నానికే విరగ్గొట్టేశాను.

ఏడో తొడుగుకి నూనె రాయడం మర్చిపోయాను. అది అచ్చులో ఇరుక్కుపోయింది. బుద్ధున్నవాళ్లు అక్కడ ఆగుతారు. నేను కాలు బల్లకి తన్నిపెట్టి, లివరు మీద బరువంతా వేశాను. టక్! లివరునీ కిందికీ పైకీ ఆడే కడ్డీనీ కలిపే ఇనప లింకు రెండు ముక్కలైంది.

గారెట్ వచ్చి చూశాడు, అదీ మూడడుగుల దూరం నుంచే.

"నా పక్కన చోటుంది. వచ్చి నిలబడు," అన్నాడు.

"నవ్వకు గారెట్! ఏం చెయ్యాలో చెప్పు."

"కంపెనీకి ఫోన్ చెయ్యి. జీవితాంతం గ్యారంటీ. ఊరికే పంపిస్తారు."

"మరి అప్పుడు నువ్వెందుకు చెయ్యలేదు?"

"అమ్మే చేసింది. చేసి, 'నీ వల్ల పరాయివాళ్ల ముందు తలొంచాల్సొచ్చింది' అంది. ఆ ఒక్కసారే తన జన్మలో."

ఫోన్ చేశాను. మావిస్ అనే పెద్దావిడ ఎత్తింది.

"ప్రెస్సు ఎవరి పేరు మీదుంది బంగారం?"

"లోర్నా హౌగెన్. మా అత్తగారు."

కాసేపు టకటకా టైపింగు. తర్వాత పకపకా నవ్వు.

"లోర్నాయా! మళ్లీ నూనె మర్చిపోయిందా?"

"మళ్లీ ఏంటండీ?"

"ఇదిగో, నా ముందే ఉందిగా. మొదటిది పద్దెనిమిదేళ్ల కిందట, కొడుకు విరగ్గొట్టాడని రాసుంది. ఆ తర్వాత ఎనిమిది పంపాం. ఎనిమిదింటికీ కారణం ఒకటే, దానంతటదే విరిగిందని. ఈ పదోదానికి ఏం రాయమంటావు?"

"అదే రాయండి," అన్నాను.

"అందరూ అదే రాయిస్తారమ్మా. నేనీ సీట్లో కూర్చున్నప్పట్నుంచీ ఈ దేశంలో లింకు విరగ్గొట్టినవాడు మీ ఆయనొక్కడే. మీ అత్తని అడిగానని చెప్పు."

గురువారం లింకు వచ్చింది. బిగించింది నేనే, చెప్పింది గారెట్. "ముందు కింది పిన్ను. అటు కాదు తల్లీ, ఇటు తిప్పు. ఇరుక్కున్న తొడుగుకి డ్రిల్లుతో బెజ్జం వేసి, బోల్టు దించి లాగు." పద్దెనిమిదేళ్లు చెయ్యి పెట్టని మనిషికి ప్రతి మరా తెలుసు! నువ్వే వచ్చి చెయ్యొచ్చుగా అంటే, "శిక్షలో ఉన్నా" అని నవ్వాడు. మావిస్ చెప్పింది మాత్రం తనకి చెప్పలేదు. ముందు తూటాలు అవనీ అనుకున్నాను. అయ్యాయి, ఇరవై.

శుక్రవారం అత్తగారు వచ్చి తూటాలు ఒక్కొక్కటే వెలుతురులో తిప్పి చూశారు. తర్వాత లివరు లాగి ఆగిపోయారు.

"లింకు కొత్తగా ఉందే."

"దానంతటదే విరిగిందండీ," అన్నాను. ఊరుకుంటే పోయేది, "మావిస్ గారు మిమ్మల్ని అడిగానన్నారు," అని కూడా అనేశాను.

ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. గుమ్మం దగ్గరున్న గారెట్ వైపు చూశారు, నా వైపు చూశారు.

"అలా విరుగుతుంటాయిలే," అన్నారు మెల్లిగా. వెంటనే గొంతు పెంచారు. "చూశావురా గారెట్? ఓర్పున్న చేతులంటే ఇవీ. రెండ్రోజుల్లో నేర్చుకుంది. నీకు ఈ జన్మకి రాదు. అమ్మాయ్, రేపు ముందు సీటు నీదే. వచ్చే ఏడాదీ నీదే."

గారెట్ ఎప్పట్లాగే నవ్వాడు, చేతులు జేబుల్లో పెట్టుకుని, తన మూడడుగుల దూరంలో నిలబడి.

ఇదంతా గంట కిందటి మాట. ఇప్పుడావిడ వంటింట్లో నాకోసం శాండ్‌విచ్‌లు కడుతున్నారు. గారెట్ నా బూట్లకి మైనం రాస్తున్నాడు. ఆ ఎనిమిది లింకుల సంగతి ఒక్క మాట చెప్తే తనకి ఆ బల్ల దక్కుతుంది, కొడుకు ముందు ఆవిడ పరువూ, నా ముందు సీటూ పోతాయి. చెప్పకపోతే తనక్కడే నిలబడి ఉంటాడు.

మీరైతే ఏం చేస్తారు?